తక్కువ తిరిగిన కారా, లెక్క చూపే కారా? పాత ఎంఎక్స్-5 విలువ కట్టడం ఎలా?

రెండుసీట్లబండి అడిగినది:

అందరికీ నమస్కారం. మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5, అంటే టాపు దించుకునే చిన్న రెండు సీట్ల కారు, ఒకటి కొనాలని చాలాకాలంగా వెతుకుతున్నాను. వడపోయగా చివరికి రెండు కార్లు మిగిలాయి. రెండింటిలోనూ 1.6 లీటర్ల ఇంజినే, రెండూ మాన్యువల్ గేర్లవే. ఏది కొనాలో తేల్చుకోలేక మీ ముందుకు వచ్చాను.

మొదటిది 1990 నాటి ఎర్ర కారు. ఓడోమీటర్ 42 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. ఈమధ్యనే మొత్తం పెయింటు వేయించారు కాబట్టి, డోరు ముందు నిలబడి తల దువ్వుకోవచ్చు అన్నంతగా మెరుస్తోంది. కాన్వాసు టాపు కొత్తది, సీటు కవర్లు కొత్తవి. సర్వీసు పుస్తకం అడిగితే, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయిందన్నారు.

రెండోది 1991 నాటి నీలం కారు. 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. బానెట్ మీద రాళ్లు తగిలిన చుక్కలున్నాయి, డ్రైవర్ సీటు బయటి అంచు అరిగి లోపలి స్పాంజి కనిపిస్తోంది, టాపు వెనక ఉన్న ప్లాస్టిక్ కిటికీ పసుపు పచ్చగా మసకబారింది. అయితే ఆ కారు యజమాని నేను కూర్చోగానే లావుపాటి ఫైలొకటి తెచ్చి ఒళ్లో పెట్టారు. టైమింగ్ బెల్టు రెండుసార్లు మార్చిన బిల్లులు, క్లచ్ బిల్లు, ముందు ఎడమ ఫెండర్ సొట్ట తీయించిన బిల్లు, అన్నీ అందులో ఉన్నాయి.

ఎర్ర కారుకు అడుగుతున్న ధర నీలం కారు ధర కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. ఆ తేడా న్యాయమైనదేనా అన్నది నా మొదటి ప్రశ్న. మొదటి తరంలోనే 4 లక్షలకు పైగా తయారైన కారును సేకరణకు తగినదని అనవచ్చా అన్నది రెండోది. నేను వ్యాపారిని కాను, సెలవు రోజుల్లో టాపు దించుకుని తిరగాలన్నదే నా కోరిక. కానీ పదేళ్ల తర్వాత అమ్మవలసి వస్తే పెట్టిన డబ్బు మునిగిపోకూడదని కూడా ఉంది. చూడగానే మనసు ఎర్ర కారు మీదికే పోయిందని దాచకుండా చెబుతున్నాను.

పాతఇనుము జవాబు:

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఎర్ర కారు విషయంలో మీ చేతిలో ఉన్నది 42 వేలు అనే అంకె మాత్రమే. దాన్ని బలపరిచే కాగితం ఒక్కటీ లేదు. ఓడోమీటర్ రీడింగును వెనక్కి తిప్పడం పాత కార్లలో బ్రహ్మవిద్య ఏమీ కాదు. మీటరు బోర్డు మొత్తాన్ని వేరే కారు నుంచి తెచ్చి బిగించినా అంకె మారిపోతుంది. పుస్తకం లేని 42 వేలకూ, "ఎంత తిరిగిందో తెలియదు" అనే మాటకూ ధరలో తేడా ఉండకూడదన్నది నా అభిప్రాయం. అమ్మే వ్యక్తి నిజాయితీపరుడే కావచ్చు, కానీ రేపు మీ దగ్గర కొనేవాడికి ఆయన నిజాయితీని మీరు చూపించలేరు కదా.

అంకె నిజమే అనుకుందాం. అప్పుడు ఆ కారు సగటున ఏడాదికి పన్నెండు వందల కిలోమీటర్లు కూడా తిరగలేదన్నమాట. కదలకుండా నిలబడిన కారు చెడిపోదనుకోవడం పొరపాటు. గొట్టాలు ఎండి పగుళ్లు వేస్తాయి, ఆయిల్ సీళ్లు గట్టిపడి కారడం మొదలుపెడతాయి, బ్రేక్ కాలిపర్లు పట్టేస్తాయి, ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలు జిగురుగా మారుతుంది. తక్కువ తిరగడం గుణమే, కానీ తిరగని ఏళ్లలో ఎవరో ఒకరు దాన్ని పట్టించుకున్నారని తెలిస్తేనే అది గుణం.

ఇక కారు దగ్గరికి వెళ్లినప్పుడు మెరుపును పక్కనపెట్టి, అమ్మేవాళ్లు మార్చాలని అనుకోని వాటిని చూడండి. క్లచ్ పెడల్ రబ్బరు ఏ మూల అరిగింది? స్టీరింగ్ చక్రం పైభాగం నున్నబడిందా? సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే మొదట్లో కుట్టిన చీటీ మీద తయారీ కాలం ఉంటుంది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెల ముద్రలో మొదటి రెండూ వారాన్ని, తర్వాతి రెండూ ఏడాదిని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం అన్నమాట. స్టెప్నీని కూడా వదలకండి. డిక్కీలో ఉండే ఆ చక్రాన్ని మార్చాలని ఎవరికీ గుర్తుండదు కాబట్టి చాలాసార్లు నిజం అక్కడే దొరుకుతుంది.

ఈ కారులో అసలు ప్రాణాంతకమైన జబ్బు తుప్పు, అది వచ్చే దారి కూడా విచిత్రమైనది. టాపు మీద పడిన వాన నీరు సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న సన్నని గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు, దుమ్ము చేరి అవి పూడుకుపోతే నీరు లోపలికి మళ్లి, డోర్ల కింద ఉండే సిల్ అనే పెట్టెలాంటి భాగంలో నిలిచిపోతుంది. అప్పుడు రేకు లోపలి నుంచి తినబడుతుంది. బయటికి మొదట కనిపించేది వెనక చక్రానికి కాస్త ముందు, పెయింటు కింద లేచే చిన్న బుడగ. ఆ బుడగ కనిపించేసరికి లోపల చేటంత రేకు పోయి ఉంటుంది. కొత్త పెయింటు మొదట చేసే పని ఆ బుడగను దాచడమే.

అందుకని మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని సిల్ పొడవునా జరిపి చూడండి. పుట్టీ ఉన్నచోట అది జారిపోతుంది. పెయింటు మందం కొలిచే పరికరం దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. 300 చూపిస్తే అది రెండో పెయింటు. 1000 దాటిందంటే మీరు కొలుస్తున్నది పెయింటును కాదు, పుట్టీని.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. చాలా ఏళ్ల క్రితం, పేరు అనవసరం, ఒకరి దగ్గర అద్దంలా ఉన్న పాత కారు కొన్నాను. మొదటిసారి టైరు మార్చడానికి జాకీ పెట్టి నాలుగు తిప్పులు తిప్పానో లేదో, అప్పడం విరిగినట్టు చప్పుడైంది. కారు లేవలేదు, జాకీయే సిల్ లోపలికి దూరిపోయింది. ఆ రంధ్రం నుంచి పుట్టీ ముక్కలతో పాటు మడిచి కుక్కిన పాత వార్తాపత్రిక బయటపడింది. వెల్డింగ్‌కు అయిన ఖర్చు కారు కొన్న ధరలో సగానికి చేరింది.

మరో రెండు సంగతులు. ఈ కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఫ్యాక్టరీ ఇచ్చింది ఆమ్లం ఒలకని రకం. దాని బదులు మామూలు బ్యాటరీ పెట్టి ఉంటే కింద రేకు తినేసి ఉండవచ్చు, తీసి చూడండి. అలాగే తొలి 1.6 ఇంజిన్లలో క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు కొన పొట్టిగా ఉండి, పుల్లీ బోల్టు సరిగా బిగించకపోతే కొన అరిగిపోయే ఇబ్బంది ఉండేది. 1991లో దాన్ని సరిదిద్దారు. ముందు పుల్లీకి నాలుగు గాళ్లుంటే పాత రకం, ఎనిమిదుంటే కొత్త రకం. పాత రకమైనంత మాత్రాన పారిపోనక్కరలేదు, ఇంజిన్ నడుస్తుండగా పుల్లీ వంకరగా ఊగకుండా ఉంటే చాలు. మీ రెండు కార్ల సంవత్సరాలూ సరిగ్గా ఆ హద్దుకు అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి ఇది చూడకుండా రావద్దు.

స్టెప్నీ జవాబు:

పాతఇనుము గారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్కచోట తప్ప. రేపు మీరు అమ్మబోయేటప్పుడు కొనేవాడు మొదట చూసేది ఓడోమీటర్ అంకెనే, ఫైలు చూసేది ఆ తర్వాతే. 1,68,000 అనగానే సగం మంది ఫోను పెట్టేస్తారు. ఆ కారు ఎంత బాగున్నా అమ్మడానికి సమయం పడుతుంది, ఆ ఆలస్యానికీ ఒక ధర ఉంది. కాబట్టి నీలం కారును తక్కువకు కొనడం మీ హక్కు, దానికి మొహమాటపడకండి.

రెండో మాట ఫైలు గురించి. ఫైలు లావును చూసి మురిసిపోకండి, దాన్ని చదవండి. బిల్లులను తేదీల వరసలో పేర్చి, ప్రతి బిల్లు మీదా రాసిన కిలోమీటర్లు పెరుగుతూ వస్తున్నాయా లేదా చూడండి. ఎక్కడైనా అంకె వెనక్కి తగ్గినా, అయిదారేళ్ల ఖాళీ కనిపించినా అడగండి. బిల్లుల మీది చాసిస్ నంబరు కారు మీది నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. 1981 తర్వాత స్థిరపడిన పద్ధతిలో ఆ నంబరుకు 17 అక్షరాలుంటాయి; 1, 0 లతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో వాడరు. అయితే ఈ కారును జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు, వాటికి ఎన్ఏ6సీఈతో మొదలయ్యే పొట్టి నంబరు ఉంటుంది. మీరు చూస్తున్న కారు అక్కడి నుంచి వచ్చినదైతే 17 లేవని కంగారు పడనవసరం లేదు.

వెనకఅద్దం జవాబు:

మీ రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను దాని దగ్గర ఆగుతాను.

ఎన్ని తయారయ్యాయి అన్నదానికీ, ఎంత ఆకర్షణ ఉంది అన్నదానికీ మనం అనుకునేంత దగ్గరి చుట్టరికం లేదు. ఫోక్స్‌వాగన్ బీటిల్ 2003లో ఆగిపోయేనాటికి 2.1 కోట్లకు పైగా తయారైంది. అయినా 1953కు ముందు వచ్చిన, వెనక అద్దం రెండు ముక్కలుగా ఉన్న బీటిల్ కనిపిస్తే తెలిసినవాళ్లు రోడ్డు మీదే ఆగిపోతారు. మరోవైపు, కొన్ని వందలు మాత్రమే తయారై, అప్పుడూ ఎవరూ కోరుకోక, ఇప్పుడూ ఎవరూ వెతకని కార్లు బోలెడున్నాయి. అరుదు అన్నది ఉన్న కోరికను పెంచగలదే కానీ లేని కోరికను పుట్టించలేదు.

ఆ కోరిక కూడా స్థిరంగా ఉండేది కాదు. 1963 నాటి షెవర్లే కార్వెట్ కూపేకు వెనక అద్దం మధ్యలో నిలువుగా ఒక పట్టీ ఉండేది. వెనక చూపుకు అడ్డమని చాలామంది విసుక్కోగా కంపెనీ మరుసటి ఏడాదే దాన్ని తీసేసింది. అప్పట్లో కొందరు యజమానులు తమ 1963 కారుకు ఆ పట్టీని కోయించి 1964 నాటి ఒంటి అద్దం పెట్టించుకున్నారు. ఇవాళ ఆ తరం కార్వెట్లలో జనం ఎగబడేది సరిగ్గా ఆ పట్టీ ఉన్న కూపే కోసమే. ఆనాడు డబ్బిచ్చి మరీ తమ కారు విలువను కోయించి పారేసుకున్నవాళ్లను తలచుకున్నప్పుడల్లా, నా కారుకు ఏదైనా "మెరుగు" చేయించాలన్న కోరిక దానంతటదే చల్లారుతుంది.

జాగ్వార్ ఈ-టైప్‌దీ ఇదే కథ. 1961లో వచ్చిన మొదటి కొన్ని వందల కార్లలో బానెట్ గడియలు బయటి వైపు ఉండేవి, వాటిని తిప్పడానికి వేరే తాళంచెవి కావాలి. ఆ తర్వాత గడియలు లోపలికి పోయాయి, వాడకం సులువైంది. కానీ సేకరించేవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టేది ఆ అసౌకర్యమైన తొలి కార్లకే. పోర్షే 911 ఇంజిన్‌ను గాలితో చల్లబరచడం 1998తో ముగిసింది. ఆ పాత పద్ధతి కార్ల మీద మోజు పెరిగింది కానీ తగ్గలేదు. ఒక వరస మొదటిదో, చివరిదో కావడం, కంటికి కనిపించే ఒక గుర్తు ఉండడం, ఇవే ఆకర్షణకు మూలాలు.

ఆ లెక్కన మొదటి తరం ఎంఎక్స్-5కు బలం ఉంది. చిన్న, తేలికైన రెండు సీట్ల తెరిచిన కార్లు దాదాపు కనుమరుగైన రోజుల్లో, 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో దాన్ని చూపించారు. పైకి లేచే హెడ్‌లైట్లు ఆ తరంతోనే పోయాయి. ఆ రోజుల్లో దాన్ని చూసి ఆశపడి, కొనలేక ఊరుకున్న యువకులు ఇప్పుడు నడివయసులో కాస్త డబ్బు చేతిలో ఉన్నవాళ్లు. ఏ కారుకైనా ధర పెరిగే కాలం ఎక్కువగా అలాగే వస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. చౌకగా దొరికిన రోజుల్లో ఈ కార్లలో చాలావాటికి టర్బో బిగించారు, స్ప్రింగులు కోసి కిందికి దించారు, చక్రాలు మార్చారు. అందువల్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న కారు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. 4 లక్షల అంకె వెనక అసలు అరుదు అదే. ఇంజిన్ నంబరు, రంగు కోడు, చక్రాలు, చివరికి రేడియో కూడా కారుతో వచ్చినవే అయితే ఆ కారు వేరే వరసలో నిలుస్తుంది. మార్పులు చేసి ఉన్నా, తీసిన భాగాలను అట్టపెట్టెలో దాచి కారుతో పాటు ఇస్తే చాలావరకు నష్టం పూడుతుంది.

వేలం వార్తలు చదివి లెక్కలు వేసుకోవద్దని కూడా చెప్పాలి. 2022లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైంది. అటువంటివి ప్రపంచంలో రెండే ఉన్నాయి. ఆ వార్తకూ, మనం చూసే కార్ల ధరలకూ సంబంధం లేదు. అడిగే ధరలు కూడా ధరలు కావు, అవి అమ్మేవాళ్ల ఆశలు. అదే సంవత్సరం, అదే ఇంజిన్, దాదాపు అదే స్థితిలో ఉన్న కార్లు చివరికి ఎంతకు చేతులు మారాయో అయిదారు దొరికితే, అది మీకు కావలసిన లెక్క.

రెండుసీట్లబండి మళ్లీ రాసినది:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న టార్చిలైటు, అయస్కాంతం, అరువు తెచ్చుకున్న మందం కొలిచే పరికరం తీసుకుని రెండు చోట్లకూ వెళ్లి వచ్చాను.

ఎర్ర కారు పెడల్ రబ్బర్లు కొత్తవి. నాలుగు టైర్లూ కొత్తవే, స్టెప్నీ మాత్రం పాతది, దాన్ని చాలాసార్లు వాడినట్టుంది. కుడి సిల్ దగ్గర పరికరం 240 చూపించింది. ఎడమ సిల్ వెనక చివర 1400 దాటింది, అయస్కాంతం గోడకు నిలవని క్యాలెండర్‌లా జారి కింద పడింది. అంతకన్నా పెద్ద సంగతి డిక్కీలో బయటపడింది. బ్యాటరీ చూద్దామని కార్పెట్ ఎత్తితే, దాని కింద రేకంతా తెల్ల రంగులో ఉంది! సీట్ల వెనక కార్పెట్ కిందా అంతే. కారు మీది ఫలకంలో రంగు కోడు చూస్తే అది ఫ్యాక్టరీ నుంచి తెల్ల కారుగానే వచ్చిందని తేలింది. అడిగితే, "ఎరుపైతే తొందరగా అమ్ముడవుతుందని అలా చేయించాం" అని ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పారు. ఒకరకంగా ఆయన చెప్పింది నిజమే, నేను చూడగానే పడిపోయింది ఆ ఎరుపుకే కదా.

నీలం కారు సిల్ రెండు వైపులా 110 నుంచి 130 మధ్యే ఉంది. ఎడమ ఫెండర్ ఒక్కటే 290, అది బిల్లుతో సరిపోయింది. పుల్లీకి ఎనిమిది గాళ్లున్నాయి, ఊగడం లేదు. మెకానిక్ కంప్రెషన్ (సిలిండర్లలో ఏర్పడే ఒత్తిడి) చూసి నాలుగు సిలిండర్ల మధ్య తేడా పదో వంతుకు లోపే ఉందన్నారు. స్టెప్నీ గారు చెప్పినట్టు బిల్లులు వరసగా పేర్చితే మధ్యలో నాలుగేళ్ల ఖాళీ కనిపించింది. ఆ కాలమంతా కారు షెడ్డులో ఉందని యజమాని అన్నారు. ఖాళీకి ముందు బిల్లుకూ, తర్వాతి బిల్లుకూ మధ్య తేడా 600 కిలోమీటర్లే కాబట్టి నమ్మాను. టాపు నీటి గొట్టాల్లో ఎడమది సగం పూడుకుపోయి ఉంది. అది చూపించి, సీటూ టాపు కిటికీ చూపించి, ధర కొంత తగ్గించమన్నాను. ఆలోచించి చెబుతామన్నారు.

కుదిరితే బానెట్ మీది చుక్కలకు మొత్తం పెయింటు వేయించాలా, అలాగే ఉంచాలా?

పాతఇనుము జవాబు:

అలాగే ఉంచండి. రేకు కనిపిస్తున్న చుక్కలను మాత్రం సన్నని కుంచెతో, రంగు కోడు ప్రకారం కలిపించిన పెయింటుతో తాకించండి, లేకపోతే అక్కడ తుప్పు పడుతుంది. ఫ్యాక్టరీ పెయింటు ఉన్న బానెట్‌ను చెక్కించేస్తే మళ్లీ తెచ్చుకోలేరు. సీటు స్పాంజి, కుట్టు బాగుచేయించుకోండి కానీ పాత కవరు గుడ్డను పారేయకండి. అన్నిటికన్నా ముందు, వానలు రాకముందే ఆ ఎడమ గొట్టాన్ని శుభ్రం చేయించండి. గట్టి ఇనుప తీగతో పొడిస్తే గొట్టం కింద కొన ఊడి నీరు నేరుగా సిల్‌లోకే పోతుంది, కాబట్టి మెత్తటి ప్లాస్టిక్ తీగనే వాడమనండి. ఆ పనికీ ఒక బిల్లు తీసుకుని ఫైలులో పెట్టండి.